కొత్తింటి ముందు లాన్ వేయాలనుకుంటే, గడ్డి కొనే ముందు మట్టి సంగతి చూడండి

మా ఇల్లు నెల్లూరు ఊరి చివర, ఒకప్పుడు వరి పండిన పొలంలో వేసిన లేఅవుట్‌లో ఉంది. గృహప్రవేశానికి వారం ముందు నర్సరీ నుంచి గడ్డి షీట్లు తెప్పించి ఇంటి ముందు పరిపించాను. చూడటానికి బ్రహ్మాండంగా ఉండింది, వచ్చిన చుట్టాలంతా దాని మీదే నిలబడి ఫొటోలు దిగారు. అది మార్చి నెల. రోహిణి కార్తె వచ్చేసరికి, రోజూ రెండు పూటలా నీళ్లు పెట్టినా సరే, అంచులు ఎండిపోయాయి, ఒక మూల పట్టుకుని లాగితే చాప చుట్టినట్టు చుట్టుకుని చేతికొచ్చేసింది. కింద చూస్తే అంగుళం మందాన ఎర్రమట్టి, దాని కింద ప్లాటు ఎత్తు చేయడానికి తోలిన గ్రావెల్, టిప్పర్లూ కాంక్రీటు బండ్లూ తిరిగి తిరిగి రోడ్డులాగా బిగుసుకుపోయి ఉంది. వేర్లు ఆ గ్రావెల్ దాకా వచ్చి, కిందికి దిగే దారి లేక, అడ్డంగా తిరిగి జడలాగా అల్లుకుని ఉన్నాయి. పాపం ఆ గడ్డి బతకడానికి చేయగలిగిందంతా చేసింది, దానికి మట్టి ఇవ్వనిది మేమే.

రెండోసారి ముందు నాలుగు నెలలు మట్టికే ఇచ్చాను, గడ్డికి ఆఖరి రెండు రోజులు మాత్రమే. ఇప్పుడది చక్కగా ఉంది. ఏమేం చేశానో, ఏది అవసరమో ఏది కాదో రాస్తున్నా, ఇల్లు కడుతున్నవాళ్లు గృహప్రవేశం తేదీ కోసం గడ్డికి తొందర పడకుండా ఉంటే నాకదే సంతోషం.

ముందు మీ కాళ్ల కింద ఏముందో తెలుసుకోండి

కొత్త ఇంటి చుట్టూ కనిపించే మట్టి ఆ నేలకి పుట్టిన మట్టి కాదు. అసలు పైమట్టి, అంటే పంట పండించిన ఆరేడు అంగుళాల మెత్తని మట్టి, రెండు మూడు అడుగుల గ్రావెల్ కింద పూడిపోయి ఉంటుంది. పునాదులు తవ్వినప్పుడు అయిదారు అడుగుల లోతు నుంచి వచ్చిన సారం లేని మట్టిని చుట్టూ సర్దేసి ఉంటారు. దాని మీద రెండేళ్లపాటు ఇటుకలు దించారు, ఇసుక పోశారు, సిమెంటు కలిపారు. అంటే మన గడ్డికి దొరికేది అడుగుమట్టి, గ్రావెల్, సిమెంటు కలిసిన ఒక గట్టి చెక్క.

పరీక్ష చాలా తేలిక. ఒక గునపం తీసుకుని, మట్టి కొంచెం తడిగా ఉన్నప్పుడు, లాన్ వేయాలనుకున్న చోట పది పన్నెండు చోట్ల దించి చూడండి. మా వీధిలో సేద్యం చేసిన పెద్దాయన ఒకాయన మా ఇంటికొచ్చి చేసిన మొదటి పని ఇదే. "యాడన్నా జానెడు దిగతా ఉందేమో చూడు అబ్బయా, దిగకపోతే గడ్డేంది, పల్లేరు కూడా మొలవదు" అన్నాడు. పన్నెండు చోట్ల దించితే తొమ్మిది చోట్ల మూడు అంగుళాలకే ఠంగుమంది. మామూలు బలంతో గునపం ఎనిమిది, పది అంగుళాలు దిగితే మీ నేల ఫరవాలేదు. నాలుగు అంగుళాల్లోపే ఆగిపోతుంటే తవ్వాల్సిందే, ఇంకో దారి లేదు.

రెండో పరీక్ష నీళ్లది. అడుగు లోతు, అడుగు వెడల్పు గుంట తీసి నిండా నీళ్లు పోయండి, అవి ఇంకిపోయాక మళ్లీ నింపి, ఒక పుల్ల నిలబెట్టి గంటకి ఎంత తగ్గుతుందో చూడండి. గంటకి అంగుళం, రెండు అంగుళాలు తగ్గితే బాగున్నట్టు. తెల్లారేదాకా నీళ్లు అలాగే నిలబడితే మన అక్టోబరు, నవంబరు వానలకి అక్కడ గడ్డి మురిగిపోతుంది. పోసిన నీళ్లు అయిదు నిమిషాల్లో మాయమైతే అది ఉత్త ఇసుక నేల, దాని కష్టం వేరే.

ఇంకొకటి, ఒక గాజు సీసాలో మూడో వంతు మట్టి, మిగతాది నీళ్లు పోసి గట్టిగా కుదిపి కదలకుండా పెట్టండి. ఇసుక నిమిషంలో అడుగుకి దిగుతుంది, ఒండ్రు కొన్ని గంటల్లో దాని మీద పేరుకుంటుంది, బంకమట్టి మాత్రం మర్నాటికి గానీ దిగదు. పొరల మందం చూస్తే మీ మట్టి ఏ రకమో మీకే తెలిసిపోతుంది.

ఒంగోలు మట్టి వేరు, మైపాడు మట్టి వేరు

ఎవరో హైదరాబాద్‌లో చేసిన వీడియో చూసి మనం ఇక్కడ అదే చేస్తే కుదరదు. ఒంగోలు చుట్టుపక్కల చాలాచోట్ల నల్లరేగడి, కనిగిరి, పొదిలి వైపు ఎర్రనేల, అక్కడక్కడా రాళ్లు, మైపాడు, కొత్తపట్నం లాంటి సముద్రం ఒడ్డు ఊళ్లలో ఇసుక, పెన్నా పక్కన ఒండ్రు. ఒక్కోదానికి మందు ఒక్కోటి.

నల్లరేగడి వానకి ఉబ్బుతుంది, ఎండకి చెయ్యి పట్టేంత నెర్రెలు విచ్చుతుంది. దీంట్లో రెండు తట్టల ఇసుక కలిపితే గుల్లబారుతుందని చాలామంది అనుకుంటారు, అలా జరగదు, కొంచెం ఇసుక కలిసిన రేగడి ఎండితే ఇటుకలాగా తయారవుతుంది. దానికి కావాల్సింది బాగా మాగిన ఎరువు, మట్టి పరీక్షలో అవసరమని తేలితే జిప్సం. నల్లరేగడి మీద ఎర్రమట్టి తోలించి లాన్ వేయడం ఒంగోలు వైపు మామూలే, అది పనిచేస్తుంది గానీ ఒక జాగ్రత్త ఉంది. గట్టి నల్లనేల మీద నేరుగా ఎర్రమట్టి పోస్తే రెండిటి మధ్య నీళ్లు ఆగిపోతాయి. ముందు నల్లమట్టిని ఆరు అంగుళాలు తవ్వి గుల్ల చేసి, ఎర్రమట్టిలో సగం దాంట్లో కలిసేలా తిరగేసి, మిగిలిన సగం పైన పోయాలి. ఇంకో మాట, రేగడి నేలలో గోడకి ఆనుకుని లాన్ వేసి రోజూ తడిపితే పునాది పక్కన నేల ఉబ్బి గోడలు, ప్లాట్‌ఫారం పగుళ్లిస్తాయి. గోడకి, గడ్డికి మధ్య కనీసం రెండు మూడు అడుగులు బండలో గులకరాళ్లో వేసి వదిలేయండి.

ఇసుక నేలకి చెరువు పూడిక మట్టిని మించింది లేదు. ఎండాకాలం చెరువులు ఎండినప్పుడు పొలాలకి తోలుతుంటారు కదా, అదే. ఎండిన పెడ్డలుగా వస్తుంది, పగలగొట్టి ఎరువుతో కలిపి ఇసుకలో తిరగేస్తే తడి నిలుస్తుంది. కొబ్బరి పొట్టు కూడా మంచిదే, కాకపోతే ఒకటి రెండుసార్లు మంచినీళ్లతో కడగాలి, కొన్నిట్లో ఉప్పు ఉంటుంది. అన్నిటికంటే ముఖ్యం, ఎవరు ఎంత చవగ్గా ఇస్తామన్నా సముద్రపు ఇసుక లాన్‌లో పోయించుకోవద్దు.

గ్రావెల్ అయితే, అంటే మా కథ అయితే, మెరుగుచేయడం కంటే తీసేయడమే మేలు. మేము ఎనిమిది అంగుళాలు తీయించేశాం.

చెత్త ఏరడం: అసలు పని ఇక్కడే

ఇది ఎవరికీ ఇష్టముండని పని, అందుకే ఎవరూ సరిగ్గా చేయరు. పైపైన ఇటుక ముక్కలు ఏరేసి, ఒక ట్రాక్టర్ ఎర్రమట్టి పోయించి, చదును చేసేస్తారు. మా ఇల్లు కట్టిన కాంట్రాక్టరు చేయించింది అదే. రెండోసారి తవ్వినప్పుడు మాకు దొరికినవి చెప్తా వినండి: టైల్స్ ముక్కలు, బైండింగు వైరు చుట్టలు, మేకులు, గట్టిపడిన సిమెంటు సంచి ఒకటి పూర్తిగా, పెయింటు డబ్బాలు, సెంట్రింగు చెక్కలు. ఈ చెక్కలున్నాయే, వాటిని అసలు వదలకూడదు, మట్టిలో పూడిన ప్రతి చెక్కముక్కా చెదలకి పిలుపు లాంటిది, గడ్డితో ఆగవు, అక్కడి నుంచి తలుపులకి పోతాయి.

అన్నిటికంటే నన్ను బాధపెట్టింది ఈశాన్యం మూల. అక్కడ మొదటి గడ్డి అన్నిటికంటే ముందు పోయింది. గడ్డపారతో గీకితే పైన నాలుగు వేళ్ల మట్టి, దాని కింద తెల్లగా, నున్నగా, అప్పడంలాంటి పొర. గోరుతో గీస్తే పొడి రాలింది. నీళ్లు పోస్తే పూసలాగా దాని మీద నిలబడ్డాయి తప్ప ఒక్క చుక్క ఇంకలేదు. ఏందా అని ఆలోచిస్తే అప్పుడు గుర్తొచ్చింది, లోపల గచ్చు పాలిష్ పట్టినప్పుడు మిషన్ నుంచి వచ్చిన తెల్లటి నీళ్లన్నీ బకెట్లతో తెచ్చి పారబోసింది ఆ మూలకే. రాతి పిండి, సిమెంటు కలిసిన ఆ నీళ్లు ఎండి, పొర మీద పొర కట్టాయి. మీ ఇల్లు ఇంకా కడుతూ ఉంటే ఒక్క పని చేయండి, పాలిష్ నీళ్లకి, పెయింటు బ్రష్షులు కడిగే నీళ్లకి, సిమెంటు కలిపేదానికి లాన్‌కి సంబంధం లేని చోటు ఒకటి ముందే చూపించి, రోజూ ఒకసారి వెళ్లి చూసుకోండి. అదే మీకు సగం ఖర్చు తగ్గిస్తుంది.

సిమెంటు కలిసిన మట్టిని గుర్తుపట్టడానికి నిమ్మరసం పిండి చూడండి, బుసబుసమని నురగొస్తే అందులో సున్నం, సిమెంటు ఉన్నట్టు. కొన్ని నేలల్లో పుట్టుకతోనే సున్నపు గుండ్లు ఉంటాయి, అవీ పొంగుతాయి, కాబట్టి తవ్వని చోటి మట్టి మీద కూడా ఒక చుక్క వేసి పోల్చుకోండి. సిమెంటు ఎక్కువున్న మట్టిలో గడ్డికి ఇనుము అందదు, ఆకు పసుపు రంగుకి తిరిగి ఈనెలు మాత్రం పచ్చగా ఉంటాయి. అప్పుడు లీటరు నీళ్లకి 5 గ్రాముల అన్నభేది (ఐరన్ సల్ఫేట్), ఒక గ్రాము నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) కలిపి చల్లితే తాత్కాలికంగా పచ్చబడుతుంది గానీ, మట్టి తీసేయకపోతే మళ్లీ అదే వరస.

తవ్వకానికి జేసీబీ పెట్టే ముందు ప్లంబరునో, ఎలక్ట్రీషియన్‌నో పిలిచి పైపులు, కేబుళ్లు ఎక్కడ పోయాయో సున్నంతో గీతలు గీయించండి. సెప్టిక్ ట్యాంక్ మూత, సంపు మూత పూడ్చేయొద్దు. ఎర్తింగు గుంటలో ఉప్పు, బొగ్గు వేసి ఉంటారు కాబట్టి దాని చుట్టూ అడుగు వదిలిపెట్టండి, అక్కడ గడ్డి ఎలాగూ రాదు. పైన మళ్లీ బండి తిరగకుండా చూసుకోండి, గుల్ల చేసిన నేల మీద జేసీబీ ఒక్కసారి తిరిగినా మొదటికొస్తుంది. లోపలి మూల నుంచి మొదలుపెట్టి గేటు వైపు వెనక్కి వస్తూ తవ్వమని డ్రైవరుకి గట్టిగా చెప్పాలి.

తుంగ, గరిక, చిల్లకంప

ఖాళీగా పడి ఉన్న ప్లాటు అయితే చిల్లకంప, అంటే సర్కారు తుమ్మ, తప్పకుండా ఉండే ఉంటుంది. పైన కొట్టేస్తే మళ్లీ చిగురిస్తుంది, మొదలు వేరుతో సహా పెకలించాలి. వయ్యారిభామ పూత రాకముందే పీకేయాలి, చేతులకి గ్లౌజులు వేసుకోండి, దురదలొస్తాయి.

తుంగ మాత్రం మొండిది. కింద ఉల్లిపాయల్లాంటి చిన్న నల్లటి గడ్డలు దారం లాంటి వేరుకి గొలుసులాగా వేలాడుతుంటాయి, పైన పీకితే ఆకు చేతికొస్తుంది, గడ్డ లోపలే ఉంటుంది. తుంగ ఉన్న నేలలో తొందరపడి రోటవేటర్ వేస్తే ఆ గొలుసుల్ని ముక్కలు చేసి నేలంతా చల్లినట్టు అవుతుంది. అందుకని ముందు గడ్డపారతో తవ్వి గడ్డల్ని చేత్తో ఏరాలి. తర్వాత నేలని తడిపి వదిలేయండి, రెండు మూడు వారాల్లో మిగిలినవన్నీ మొలుస్తాయి, మళ్లీ తవ్వి ఏరండి. మేము మూడుసార్లు చేశాం. మూడోసారికి ఒక బకెట్‌లో సగం కూడా రాలేదు.

మన ఎండల్ని వాడుకోవడం ఇంకో పద్ధతి. ఏప్రిల్, మే నెలల్లో నేలని బాగా తడిపి, పల్చటి, కాంతి పారే పాలిథిన్ షీటు కప్పి, అంచుల్ని గాలి దూరకుండా మట్టితో పూడ్చి నాలుగు నుంచి ఆరు వారాలు వదిలేస్తే ఆ వేడికి పైపొరలో ఉన్న కలుపు విత్తనాలు, తెగులు శిలీంధ్రాలు చాలావరకు చస్తాయి. నల్ల షీటు కాదు, తెల్లగా అవతలికి కనపడేదే వేయాలి. లోతుగా ఉన్న తుంగ గడ్డ దీనికి పూర్తిగా చావదు, దానికి ఏరుడే.

గరిక ఉంటే నన్నడిగితే కంగారు పడనక్కర్లేదు. ఎక్కువ ఎండ, కొంచెం ఉప్పునీళ్లు ఉన్న చోట దాన్నే లాన్‌గా పెంచుకున్నా బాగుంటుంది, మన నేలకి అలవాటైన గడ్డి. మెక్సికన్, కొరియన్ గడ్డి వేయాలనుకుంటేనే గరికని ముందే తీసేయాలి, తర్వాత రెండిటినీ విడదీయలేరు.

తవ్వడం, కలపడం, లెక్కలు

రైతులు పదును అంటారు, ఇక్కడ కూడా అదే చూడాలి. పిడికెడు మట్టి తీసుకుని నొక్కితే ముద్ద కావాలి, ఆ ముద్దని నడుము ఎత్తు నుంచి వదిలితే విరిగిపోవాలి. విరగకుండా పచ్చడిలాగా అతుక్కుంటే ఇంకా తడి ఎక్కువ, ఆ తడిలో తవ్వితే పెడ్డలు కట్టి ఎండాక రాయి అవుతుంది, ముఖ్యంగా రేగడి. అసలు ముద్దే కాకపోతే ముందురోజు సాయంత్రం నీళ్లు పెట్టి తవ్వండి.

ఎనిమిది నుంచి పది అంగుళాల లోతు గుల్ల చేయాలి. చిన్న జాగా అయితే ఇద్దరు కూలీలు పలుగూ పారతో చేసేస్తారు, పెద్దదైతే పవర్ వీడర్ అద్దెకి దొరుకుతుంది. చుట్టూ కట్టిన ప్రహరీకి, పునాదికి అడుగు దూరంలో ఆగిపోండి.

ఇప్పుడు లెక్క. మన నెల్లూరు అంకణం 72 చదరపు అడుగులు (తిరుపతి వైపు అంకణం 36 అడుగులే, అక్కడి వాళ్లతో మాట్లాడేటప్పుడు చూసుకోండి). 10 అంకణాల లాన్ అంటే 720 చదరపు అడుగులు. అందులో ఒక అంగుళం మందం పోయాలంటే 60 ఘనపుటడుగులు కావాలి. ట్రాక్టర్ ట్రక్కు సుమారు 100 ఘనపుటడుగులు పడుతుంది, కానీ బండిబండికీ తేడా ఉంటుంది, పొడవు, వెడల్పు, ఎత్తు మీరే టేపుతో కొలుచుకోండి. మేము గ్రావెల్ తీసేసిన గుంటలో అడుగున గుల్ల చేసి, పైన ఆరు అంగుళాల మట్టి, రెండు అంగుళాల ఎరువు అనుకున్నాం. అంటే మట్టి 360, ఎరువు 120, సుమారు అయిదు ట్రక్కులు. తడిపాక నాలుగో వంతు దాకా కిందికి దిగుతుంది కాబట్టి ఒక ట్రక్కు అదనంగా చెప్పి పక్కన కుప్ప పోయించుకున్నాం, అది ఆఖర్లో గుంతలు పూడ్చడానికి సరిగ్గా సరిపోయింది.

మట్టి తోలించేటప్పుడు బండి దింపకముందే ఎక్కి చూడండి. పైన మంచి మట్టి, లోపల రాళ్లు, తుంగ గడ్డలు ఉండొచ్చు. చేతిలో నలిపితే కొంచెం ఇసుక గరుకు తగలాలి, కొంచెం అంటుకోవాలి, రెండూ ఉండాలి. రొయ్యల గుంటల పక్క నుంచి తెచ్చిన మట్టి అయితే వద్దనండి, ఎంత నల్లగా సారవంతంగా కనపడినా ఉప్పు ఉంటుంది.

ఎరువు విషయంలో మాగిందా లేదా అన్నదే చూడాలి. కుప్పలోకి చెయ్యి పెడితే వేడి తగలకూడదు, పేడ వాసన కాకుండా తొలకరి మట్టి వాసన రావాలి, గడ్డిపరకలు విడివిడిగా కనపడకూడదు. పచ్చి పేడ వేస్తే వేరుపురుగు వస్తుంది, తెల్లగా, లావుగా, మెలితిరిగి సున్నాలాగా పడుకుని ఉంటుంది, గడ్డి వేర్లని కొరికి చంపేస్తుంది. గొర్రెల ఎరువు బలమైనది, పశువుల ఎరువులో సగం వేస్తే చాలు. రైస్ మిల్లుల నుంచి ఊక బూడిద ఊరికే వస్తుందని బస్తాలు బస్తాలు కుమ్మరిస్తుంటారు, అది క్షారం, సిమెంటు కలిసిన నేలకి అసలు వద్దు. 10 అంకణాలకి 5 నుంచి 10 కిలోల వేపపిండి, 2, 3 కిలోల సింగిల్ సూపర్ ఫాస్ఫేట్ చల్లి, పై ఆరు అంగుళాల్లో కలిసేలా తిరగేయండి. యూరియా ఇప్పుడు వద్దు, గడ్డి నాటుకున్న నెల తర్వాత అరకిలో చల్లి వెంటనే నీళ్లు పెట్టుకోవచ్చు.

చౌడు, బోరు నీళ్లు

మట్టి పరీక్ష చేయించకుండా జిప్సం వేయొద్దు. ఎనిమిది, పది చోట్ల ఆరు అంగుళాల లోతు వరకు ఒక పక్క నుంచి మట్టి గీకి, అంతా కలిపి, నాలుగు భాగాలు చేసి ఎదురెదురు భాగాలు తీసేస్తూ అరకిలో మిగిల్చి నీడలో ఆరబెట్టి ఇవ్వాలి. ఎరువులు వేయకముందే తీయాలి. రైతు సేవా కేంద్రంలో గానీ, నెల్లూరు, దర్శి కృషి విజ్ఞాన కేంద్రాల్లో గానీ అడిగితే ఎక్కడ ఇవ్వాలో చెప్తారు. ఉదజని సూచిక (పీహెచ్) 6 నుంచి 7.5 దాకా ఉంటే గడ్డికి హాయి, 8 దాకా సర్దుకుంటుంది. లవణాలు చెప్పే ఈసీ 1 లోపు ఉంటే భయం లేదు.

పాలచౌడు, కారుచౌడు రెండూ ఒకటి కాదు. పాలచౌడులో నేల మీద తెల్లగా ఉప్పు పొంగుతుంది, దానికి మందు మంచినీళ్లే, నిండా పెట్టి ఉప్పుని అడుగుకి దింపాలి, ఆ నీళ్లు బయటికి పోయే దారి ఉండాలి. కారుచౌడు తడిస్తే జిగురు, ఎండితే రాయి, దానికి జిప్సం పనిచేస్తుంది. జిప్సం ఎంత అన్నది పరీక్ష కాగితమే చెప్పాలి, పాలచౌడుకి వేస్తే డబ్బు దండగ.

మట్టి ఎంత బాగు చేసినా పెట్టేది బోరు నీళ్లే కదా, అవి కూడా చూసుకోండి. నీళ్లలో కరిగిన ఉప్పులు ఎంతున్నాయో చూపించే టీడీఎస్ మీటరు చాలామంది ఇళ్లలో ఉంటోంది. వెయ్యి లోపు ఉంటే పెద్ద సమస్య కాదు. 2000 దాటితే మెక్సికన్ గడ్డి కోసం డబ్బు పెట్టే ముందు బాగా ఆలోచించండి, వేసినా గరిక లాంటిదే వేసుకుని, రోజూ కొంచెం కొంచెం కాకుండా రెండు మూడు రోజులకోసారి లోతుగా తడపండి. రోజూ పైపైన తడిపితే ఆ ఉప్పంతా పైపొరలోనే పేరుకుంటుంది.

వాలు, చదును, ఆ తర్వాత ఆగడం

నీళ్లు ఇంటి వైపు రాకూడదు. పది అడుగులకి ఒకటిన్నర, రెండు అంగుళాల వాలు ఇంటి నుంచి బయటికి ఉంటే చాలు, కంటికి చదునుగానే కనపడుతుంది. ఇంకుడు గుంట ఉంటే వాలు దాని వైపు పెట్టండి. మేస్త్రీల దగ్గర ఉండే నీళ్ల గొట్టంతో నాలుగు మూలలా లెవెల్ తీసి, పుల్లలు పాతి దారం కట్టేస్తే ఇక కళ్లతో అంచనాలు అక్కర్లేదు. మట్టి మట్టం పక్కనున్న బండల కంటే అంగుళం తక్కువ ఉండాలి, గడ్డి షీటు మందం కలిశాక సరిసమానం అవుతుంది. బేస్‌మెంట్ గోడకి మట్టి ఎక్కించొద్దు, చెమ్మ లోపలికి వస్తుంది.

పైన రెండు అంగుళాలకి మట్టిని ఇసుక జల్లెడలో పోసి జల్లించండి. పొడవాటి అల్యూమినియం బద్దతో, ప్లాస్టరింగు చేసేవాళ్లు లాగినట్టే, రెండు దారాల మధ్య లాగితే ఎత్తుపల్లాలు బయటపడతాయి. తర్వాత మడమలతో దగ్గర దగ్గరగా అడుగులు వేస్తూ అంతా తొక్కాలి, మళ్లీ గొర్రుతో గీకి చదును చేయాలి, మళ్లీ తొక్కాలి, ఈసారి మొదటిదానికి అడ్డంగా. మా పిల్లలకి ఈ పని తెగ నచ్చింది, ఒక ఆదివారం మధ్యాహ్నం వీధి పిల్లలంతా వచ్చి తొక్కిపెట్టారు. ఆఖరికి మనిషి నడిస్తే అడుగు అర అంగుళానికి మించి దిగకూడదు, అలాగని బూటు గుర్తు అసలు పడనంత గట్టిగా కూడా ఉండకూడదు.

ఇక ఆగాలి. నిండా నీళ్లు పెట్టి, కనీసం మూడు వారాలు, వీలైతే ఒకటి రెండు మంచి వానలు పడేదాకా వదిలేయండి. పైపు తవ్విన చోట్ల, సంపు చుట్టూ మట్టి కూర్చుని గుంతలు పడతాయి, పడ్డాక పక్కన పెట్టిన మట్టితో పూడ్చాలి. ఈ లోపల మొలిచిన కలుపు పీకేయాలి. మన దగ్గర పెద్ద వానలు ఈశాన్య రుతుపవనాలవే కాబట్టి నా లెక్క ఇలా ఉంటుంది: ఏప్రిల్, మేలో తవ్వకం, ఏరుడు, షీటు కప్పడం, జూన్, జూలైలో మట్టి తోలించి కలిపి తడపడం, ఆగస్టు నుంచి సెప్టెంబరు మధ్యలోపు గడ్డి. అప్పుడు అక్టోబరు వానలకి వేరు దిగి ఉంటుంది. అక్టోబరు చివర కొత్త మట్టి పోసి గడ్డి పరిస్తే ఒక్క వాయుగుండం చాలు, మట్టీ గడ్డీ కలిసి వీధి కాలువలోకి పోతాయి. ఆ అదను దాటిపోతే సంక్రాంతి తర్వాత వేసుకోండి, కాకపోతే ఎండలు ముదిరేలోపు వేరు పట్టాలి కాబట్టి జనవరిలోనే వేసేయాలి.

గడ్డి వచ్చే ముందురోజు సాయంత్రం నేలని తడపండి, బురద కాకూడదు. పొద్దున్నే పైపైన గొర్రుతో గీకి వదిలితే షీటు కింద వేరుకి పట్టు దొరుకుతుంది. షీట్లు బండిలో నుంచి దిగిన రోజే పరిచేయాలి, కుప్పగా ఉంచితే లోపల వేడెక్కి పసుపెక్కుతాయి. తిన్నగా ఉన్న అంచు దగ్గర మొదలుపెట్టి, ఇటుకల వరస లాగా అతుకులు తప్పిస్తూ పరచండి, పక్క షీటు మీద పలక వేసుకుని దాని మీద మోకాళ్లు పెట్టి కూర్చుంటే చదును చెడదు. ఖర్చు తగ్గించుకోవాలంటే గడ్డిని పిలకలుగా విడదీసి నాలుగు అంగుళాలకి ఒకటి నాటుకున్నా సరిపోతుంది, రెండు మూడు నెలలు ఎక్కువ పడుతుంది, అంతే తేడా.

మొదటి పది రోజులు రోజూ పొద్దున, సాయంత్రం తడి. పదిహేనో రోజున ఒక మూల వేలితో నెమ్మదిగా లేపి చూడండి. మాకు ఆ రోజు షీటు రాలేదు, కొంచెం గట్టిగా లేపితే కింద మట్టిలోకి దిగిన తెల్లటి వేర్లు దారాల్లాగా సాగి కనపడ్డాయి, వెంటనే మళ్లీ అదిమి నీళ్లు చల్లేశాను. అవి కనపడ్డాక నీళ్లు రోజు మార్చి రోజుకి తగ్గించొచ్చు.